1775 పాయింట్ల స్కిన్ కోసం 2050 ఎందుకు కొంటున్నాం? ఫ్రీ గేమ్స్ స్టోర్ లెక్కలు ఇవీ

ఫ్రీ గేమ్‌లో మీరు ఇప్పటిదాకా ఎంత ఖర్చు పెట్టారో కరెక్ట్‌గా చెప్పగలరా? నేనైతే చెప్పలేకపోయాను. బీటెక్‌లో రూమ్‌మేట్స్‌తో కలిసి ఒక ఆన్‌లైన్ గేమ్ తెగ ఆడేవాడిని. మహా అయితే రెండు వేలు పెట్టుంటాను అనుకునేవాడిని. ఉద్యోగంలో చేరాక ఒక ఆదివారం కూర్చుని యూపీఐ హిస్టరీ అంతా కూడితే 11,340 రూపాయలు తేలింది. అప్పట్లో నేను ఆ గేమ్ ఆడిన ఫోన్ ధరే అంత లేదు! ఒక్కోసారి కట్టినవి మాత్రం చిన్న చిన్న మొత్తాలే. అకౌంట్‌లో ఇంకా 35 కాయిన్లు మిగిలాయి. వాటితో ఏదీ కొనలేం, వెనక్కి డబ్బూ రాదు.

రోజూ కోడ్ రాసేవాడిని, కూడికలు రాక కాదు. ఆ స్టోర్‌లో కూడిక గుర్తుకు రాకుండా ధరలు పెడతారు. ఎలాగో రెండు పాపులర్ గేమ్స్‌తో చూద్దాం. రూపాయల రేట్లు మారుతుంటాయి కాబట్టి డాలర్ల లెక్కే తీసుకుంటున్నా.

చిల్లర షాపులోనే ఉండిపోతుంది

వాలరెంట్ 2020లో లాంచ్ అయినప్పుడు అమెరికా స్టోర్‌లో 475 పాయింట్ల ప్యాక్ 4.99 డాలర్లు, 1000 ప్యాక్ 9.99, 2050 ప్యాక్ 19.99. ప్రీమియం గన్ స్కిన్ ధర 1775 పాయింట్లు. గమనించారా, 1775 ప్యాక్ అనేదే లేదు. కాబట్టి అందరూ 2050 కొంటారు. స్కిన్ వచ్చేస్తుంది, 275 పాయింట్లు మిగులుతాయి. గన్ స్కిన్స్‌లో అన్నిటికంటే తక్కువ ధరది 875. అంటే ఆ 275తో ఒక్క స్కిన్ కూడా రాదు.

అసలు మజా రెండో స్కిన్ దగ్గర ఉంది. ఇంకో 1500 పాయింట్లు కావాలి. 1000 ప్యాక్, 475 ప్యాక్ కలిపి కొంటే 1475. పాత 275తో కలిపితే 1750. సరిగ్గా 25 పాయింట్లు తక్కువ! మళ్లీ 2050 ప్యాకే గతి. ఈసారి 550 మిగులుతాయి.

కిరాణా కొట్లో చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెడతారు కదా, అది కనీసం తినొచ్చు. ఇక్కడ చిల్లర షాపులోనే ఉండిపోతుంది. పైగా "ఇంకొంచెం వేస్తే సరిపోతుంది కదా" అని మనల్ని మళ్లీ పిలుస్తుంది. మిగిలిన బ్యాలెన్స్ వేస్ట్ అవుతుందన్న బాధే తర్వాతి కొనుగోలుకు కారణం అవుతుంది.

బండిల్: మనం అడగనివి కూడా

వాలరెంట్‌లో ప్రీమియం బండిల్ అంటే సాధారణంగా నాలుగు గన్ స్కిన్స్, ఒక కత్తి. ధర 7100 పాయింట్లు. నాలుగు గన్స్ విడిగా కొన్నా 4 × 1775 = 7100. అంటే 3550 పాయింట్ల కత్తి ఫ్రీ అన్నట్టు! వినడానికి సూపర్ డీల్. కానీ మీరు స్టోర్‌లోకి వెళ్లింది ఒక్క వాండల్ స్కిన్ కోసం. 20 డాలర్లతో అయ్యే పని. 7100 కావాలంటే 5350 ప్యాక్, 2050 ప్యాక్ కలిపి దాదాపు 70 డాలర్లు.

ఆషాఢం సేల్‌లో ఒక్క చీర కోసం వెళ్లి నాలుగు తెచ్చుకుని, ఎంత సేవ్ చేశామో చెప్పినట్టుంటుంది ఇది. ఒక తేడా ఉంది. చీరకి నూలు, నేత, రవాణా ఖర్చులు ఉంటాయి కాబట్టి డిస్కౌంట్‌కి ఎంతో కొంత అర్థం ఉంటుంది. స్కిన్ డిజైన్ చేయడానికి ఒక్కసారి బాగానే ఖర్చవుతుంది, కానీ ఒకసారి తయారయ్యాక ఇంకో కాపీ ఇవ్వడం అంటే సర్వర్‌లో మీ అకౌంట్ పక్కన ఒక ఎంట్రీ రాయడమే. కాబట్టి "అసలు ధర" అని కొట్టేసి చూపించే నంబర్ కంపెనీ రాసుకున్నదే.

మూడు కరెన్సీలు దాటాక క్యారెక్టర్

గెన్షిన్ ఇంపాక్ట్‌లో ఇంకో మెలిక. డబ్బుతో జెనిసిస్ క్రిస్టల్స్ కొనాలి, వాటిని ప్రిమోజెమ్స్‌గా మార్చాలి, 160 ప్రిమోజెమ్స్‌తో ఒక విష్ కొనాలి. ఆ విష్‌లో ఏం వస్తుందో గ్యారంటీ లేదు. ఫైవ్ స్టార్ క్యారెక్టర్ వచ్చే బేస్ ఛాన్స్ 0.6 శాతం. 90వ విష్ లోపు ఒక ఫైవ్ స్టార్ పక్కా, కానీ అది మీకు కావాల్సిందే కాకపోవచ్చు. అదృష్టం అస్సలు కలిసిరాకపోతే 180 విష్‌లు పడతాయి. అంటే 28,800 ప్రిమోజెమ్స్.

అన్నిటికంటే పెద్ద ప్యాక్ 99.99 డాలర్లు. మొదటిసారి వచ్చే డబుల్ ఆఫర్ పక్కనపెడితే, బోనస్‌తో కలిపి 8080 క్రిస్టల్స్. ఆడుతూ ఫ్రీగా సంపాదించినవి లేకపోతే మూడు ప్యాక్‌లు సరిపోవు, నాలుగు కావాలి. దాదాపు 400 డాలర్లు, ఒక్క క్యారెక్టర్‌కి! ఇంకో విషయం, 8080ని 160తో భాగిస్తే యాభైన్నర. ఇక్కడా సగం విష్ మిగిలిపోయింది చూడండి.

ఈ గేమ్‌ని అమెరికాలో నడిపే కంపెనీ 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుంది. ఇన్ని కరెన్సీల వల్ల అసలు ఖర్చు తెలియడం లేదన్నది కమిషన్ ఆరోపణల్లో ఒకటి. అదే ఏడాది మార్చిలో యూరప్ వినియోగదారుల రక్షణ అధికార సంస్థలు కూడా ధర అసలు డబ్బులో స్పష్టంగా చూపించాలని, అక్కర్లేని కరెన్సీని బలవంతంగా కొనిపించకూడదని సూత్రాలు ప్రకటించాయి. మన దేశంలో 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల మోసపూరిత డిజైన్ల లిస్ట్ ఉంది. లేని తొందర పుట్టించడం అందులో ఒకటి.

మరి కొనకూడదా?

అలా అనను. కొనేవాళ్లు ఉన్నారు కాబట్టే మిగతావాళ్లు ఫ్రీగా ఆడుతున్నారు. వాలరెంట్ స్కిన్ కొంటే డ్యామేజ్ కూడా పెరగదు, కొనకపోతే నష్టమేమీ లేదు. నచ్చినదానికి తెలిసి ఖర్చు పెట్టడంలో తప్పు లేదు. తెలియకుండా పెట్టడమే సమస్య.

నేను ఇప్పుడు మూడు పనులు చేస్తున్నా. ఒకటి, వస్తువు ధరని కాకుండా దానికోసం కొనాల్సిన ప్యాక్ ధరని రూపాయల్లో చూస్తా. వాలెట్‌లో మిగిలేది నాకు సున్నాతో సమానం. రెండు, బండిల్‌లో నేను నిజంగా వాడే వస్తువులు ఎన్నో లెక్కపెట్టి, మొత్తం ధరని ఆ సంఖ్యతోనే భాగిస్తా. 70 డాలర్ల బండిల్‌లో వాడేది ఒక్క వాండలే అయితే దాని ధర 70 డాలర్లే. మూడు, నెలాఖరున పేమెంట్ హిస్టరీ కూడతా. దీనికి ఐదు నిమిషాలు చాలు.

ఈ ఆర్టికల్ రాసేముందు ఆ పాత గేమ్ మళ్లీ ఓపెన్ చేశా. 35 కాయిన్లు అలాగే ఉన్నాయి. పక్కనే ఒక కొత్త ఆఫర్, కింద టైమర్ తిరుగుతోంది. ప్యాక్ ధర చూసి, భాగించి, క్లోజ్ చేశా.