జొన్నచొప్పతో కలుపు మందా?

లేత జొన్న పిలకలు మేసిన పశువుకు నాము తగిలి ప్రాణం మీదికొస్తుందని మెట్ట రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. జొన్న కోసిన చేలో మరుసటి పంట ఒక్కోసారి జోరుగా మొలవదన్నదీ వాళ్లు చూసినదే. ఆ పొగరును కలుపు మీదికి మళ్లిస్తే? పాకిస్థాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చేసింది సరిగ్గా అదే.

ముదిరిన జొన్నచొప్పను ఎండబెట్టి, చిన్న ముక్కలుగా నరికి, కిలోకు పది లీటర్ల చొప్పున నీళ్లలో ఒక రోజంతా నానేశారు. వడకట్టిన కషాయాన్ని గోధుమ చేలో పిచికారీ చేశారు. 2000లో వెలువడిన వాళ్ల ఫలితాల ప్రకారం కలుపు బరువు 35 నుంచి 49 శాతం తగ్గింది. గింజ దిగుబడి కూడా పెరిగింది.

అంటే సగానికి పైగా కలుపు చేలోనే ఉంది! అలాంటిదాన్ని మన రైతు మందంటాడా? అనడు. అందుకే వాళ్లు మరో దారి పట్టారు: కషాయానికి తోడు గడ్డిమందు మోతాదు బాగా తగ్గించి కొట్టి చూశారు. కషాయం అసలు విలువ అక్కడే ఉందని నా అభిప్రాయం. ఇది గడ్డిమందుకు బదులు కాదు, దాని వాడకాన్ని తగ్గించే తోడు.

భూమి లోపల జరిగేది ఇంకా చిత్రం. జొన్న వేరు నూగు కొసల్లో పసుపు రంగు నూనె బొట్లు ఊరతాయి. అందులోని సోర్గోలియోన్ అనే రసాయనం చిన్న గింజల కలుపు మొలకల్లో కిరణజన్య సంయోగక్రియను అడ్డుకుంటుంది. మొక్కజొన్నలో మనం కొట్టే అట్రజిన్ దెబ్బతీసేదీ ఆ ప్రక్రియనే.

అయితే ప్రయోగశాల పళ్లెంలో గింజను మొలవనివ్వని ఆకు రసాలు లెక్కలేనన్ని. పొలంలో మాత్రం మట్టిలోని సూక్ష్మజీవులు వాటిని తినేస్తాయి, వాన కడిగేస్తుంది. తుంగ సంగతి సరేసరి, పైన ఆకు మాడినా కింద గడ్డ మళ్లీ మొలకెత్తుతుంది.

గడ్డిమందు కంపెనీలు ఇంకో బాట పట్టాయి. 1977లో కాలిఫోర్నియాలో బాటిల్‌బ్రష్ చెట్టు కింద కలుపు పలచగా ఉండటం ఒక శాస్త్రవేత్త కంటబడింది. ఆ చెట్టులోని లెప్టోస్పెర్మోన్ అనే రసాయనం నమూనాగా తయారైనదే మీసోట్రయోన్ అనే గడ్డిమందు. మన మొక్కజొన్న రైతులు వాడే టెంబోట్రయోన్‌దీ ఆ కుటుంబమే. మూలం చెట్టులో ఉన్నా, డబ్బాలో ఉన్నది ఫ్యాక్టరీ సరుకే.

యూట్యూబ్‌లో ‘సహజ కలుపు మందు’ అంటూ చూపేవాటిలో ఉప్పు కలిపినవీ ఉంటాయి. ఆ జోలికి పోకండి. అది కలుపుతో ఆగదు, నేలను చౌడు చేస్తుంది. జొన్న కషాయం చూడాలనుకుంటే ముందు నాలుగు సాళ్లలో కొట్టి, పక్కన నాలుగు సాళ్లు కొట్టకుండా వదలండి. పైరు ఎలా తట్టుకుందో, కలుపు ఎంత తగ్గిందో లెక్క చూసుకున్నాకే ఎకరం మాట.