హెచ్‌ఐవీ పరిశోధనకు దక్షిణాఫ్రికా ఫెలోషిప్.. దరఖాస్తుకు ముందు ఇవి తెలుసుకోండి

వైద్యం, ప్రజారోగ్యం చదివి విదేశాల్లో పరిశోధన చేయాలనుకుంటున్నారా? అమెరికా, బ్రిటన్ మాత్రమే కాదు, ఆఫ్రికాలోని హెచ్‌ఐవీ కేంద్రాలూ ఫెలోషిప్‌లు ఇస్తాయి.

అక్కడికే ఎందుకు?
ప్రపంచంలో హెచ్‌ఐవీ బాధితులు అత్యధికంగా ఉన్న దేశం దక్షిణాఫ్రికా. డర్బన్‌లో 2002లో ఏర్పాటైన ‘కాప్రిసా’ కేంద్రంలో చికిత్స, పరిశోధన కలిసే సాగుతాయి. హెచ్‌ఐవీతో పాటు టీబీ కూడా ఉంటే, గతంలో చాలామంది వైద్యులు టీబీ కోర్సు ముగిసే వరకు హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టేవారు కాదు. రెండు మందులూ కలిస్తే ప్రమాదమన్న భయమే కారణం. కాప్రిసా 642 మందిపై అధ్యయనం చేసింది. టీబీ చికిత్స సాగుతుండగానే హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టిన వారిలో మరణాలు 56 శాతం తగ్గాయి. 2010లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

ఫెలో ఏం చేస్తారు?
స్థానిక గైడ్‌తో కలిసి పరిశోధనాంశం ఎంచుకోవాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, డేటా సేకరించి విశ్లేషించాలి. మీరు డాక్టరే అయినా అక్కడ రిజిస్ట్రేషన్ లేకుండా చికిత్స చేయడానికి వీల్లేదు.

డబ్బు ఎవరిస్తారు?
అమెరికాలోని ఫోగర్టీ కేంద్రం 1988లోనే ఎయిడ్స్ పరిశోధకుల శిక్షణకు నిధులివ్వడం మొదలుపెట్టింది. అయితే విదేశీ సంస్థలకు నిధులిచ్చే నిబంధనలను అమెరికా 2025లో కఠినతరం చేసింది.

ఇవి అడగండి
• ఏ దేశస్థులు అర్హులు?
• స్టైపెండ్, వీసా, ఆరోగ్య బీమా ఖర్చు ఎవరిది?
• మధ్యలో నిధులు ఆగితే ఏం చేస్తారు?
• అధ్యయనం ముగిశాక ఆ రోగులకు మందులు కొనసాగుతాయా?

చివరి ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేకపోతే, దరఖాస్తు చేసే ముందు మరోసారి ఆలోచించండి.