అరుగు పోయిన వీధి: కాలినడక నగర భావనపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: నగరవీధిని వాహనానికి కాక నడిచే మనిషికి అనువుగా రూపొందించాలన్న ఆలోచన గత ఆరు దశాబ్దాలలో పట్టణ ప్రణాళికలో బలపడింది. కోపెన్‌హాగెన్, పొంతెవెద్రా, కలమజూ నగరాల అనుభవాల ద్వారా ఆ ఆలోచనను వివరించడం, తెలుగువారి అరుగుతోను అంగడివీధితోను దానికున్న సంబంధాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాలినడక, వీధి, అరుగు, అంగడి, క్రీడాభిరామము, జేన్ జేకబ్స్, యాన్ గెల్, వీధి వ్యాపారులు.

వీథి: ఒక మాట, రెండర్థాలు

నగరాన్ని నడుస్తూ చూపిన తెలుగు కృతి అనగానే గుర్తుకు వచ్చేది క్రీడాభిరామము. వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రచారంలో ఉన్న ఈ రచన శ్రీనాథునిదేనన్న వాదమూ ఉంది. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. రూపకభేదాలలో ఇది ‘వీథి’. ఆ మాటకున్న రెండో అర్థం కూడా కృతికి అతికినట్టు సరిపోతుంది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుతూ కన్నవీ విన్నవీ చెప్పుకోవడమే ఇందులోని ఇతివృత్తం. పూటకూళ్ళ ఇల్లు, పల్నాటి వీరగాథల గానం, కోడిపందెం, పొట్టేళ్ళ పోరు, మాచల్దేవి ఇల్లు, ఇవన్నీ ఒక రోజు తిరుగుడులోనే వారికి ఎదురవుతాయి. భోజనం, వినోదం, వ్యాపారం, దైవం వేరువేరు పేటలకు తరలిపోకుండా కాలినడకకు అందే దూరంలో కలిసి ఉన్న నగరం అది.

అంతమాత్రాన పాత వీధిని ఆదర్శంగా తలకెత్తుకోనవసరం లేదు. ఏ వీధిలో ఎవరు నడవవచ్చునో, ఎవరి ఇంటి ముందు ఎవరు చెప్పులు విడిచి పోవాలో కులం నిర్ణయించిన కాలం కూడా అదే వీధికి చెందినది. నడక గురించి మాట్లాడేటప్పుడు ‘ఎవరి నడక’ అన్న ప్రశ్నను వదిలివేస్తే మిగిలేది గతంపై మోజు మాత్రమే.

జేకబ్స్ నుండి గెల్ వరకు

20వ శతాబ్దపు పట్టణ ప్రణాళిక నివాసాన్ని ఒకచోట, కార్యాలయాన్ని మరొకచోట, అంగడిని వేరొకచోట ఉంచింది. వాటిని కలిపే భారం మోటారు వాహనంపై పడింది. ఈ విభజనను న్యూయార్క్ నివాసి జేన్ జేకబ్స్ 1961లో వెలువరించిన ‘ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్’ గ్రంథంలో తీవ్రంగా ఖండించారు. వీధికి జీవం ఉండాలంటే ఒకే ప్రాంతంలో ఒకటికి మించిన ప్రధాన ప్రయోజనాలు ఉండాలని, వీధి మలుపులు దగ్గర దగ్గరగా రావాలని, కొత్త కట్టడాల నడుమ తక్కువ అద్దెకు దొరికే పాతవీ నిలవాలని, జనసాంద్రత తగినంత ఉండాలని ఆమె ప్రతిపాదించారు. వీధి భద్రతను పోలీసుల కంటే ముందు కాపాడేవి కిటికీలలోంచీ దుకాణాలలోంచీ చూసే మామూలు మనుషుల కళ్ళేనన్నది ఆమె వాదంలో ఎక్కువగా ప్రచారం పొందిన అంశం.

డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గెల్ ఈ ఆలోచనను కొలతలలోకి తెచ్చారు. 1971లో డానిష్ భాషలో వెలువడిన తన గ్రంథంలో ఆయన బహిరంగ స్థలంలోని పనులను మూడుగా విభజించారు. తప్పనిసరి పనులు మొదటివి: బడికి, కొలువుకు వెళ్ళడం వంటివి. ఇష్టపడితేనే చేసేవి రెండోవి: షికారుకు వెళ్ళడం, ఎండలో కూర్చోవడం. నలుగురు చేరితే పుట్టే పలకరింపులు, ఆటలు మూడోవి. వీధి ఎంత చెడ్డదైనా మొదటి రకం పనులు ఆగవు. రెండోది, మూడోది మాత్రం వీధి నాణ్యతను బట్టి ఉంటాయి. కనుక వీధిలో జనం కనిపించినంత మాత్రాన అది మంచి వీధి అనలేం. తెలుగు నగరాలకు ఈ భేదం చాలా ముఖ్యం.

గెల్ లెక్కకు ఆధారం మనిషి నడక వేగం, అంటే గంటకు సుమారు 5 కి.మీ. 100 మీటర్ల పొడవునా 15 నుండి 20 గుమ్మాలు ఉన్న వీధి నడిచేవారికి ఆసక్తి కలిగిస్తుందని ఆయన అంటారు. ఆ వేగంతో నడిచే మనిషికి నాలుగైదు సెకన్లకొక కొత్త దృశ్యం ఎదురవుతుందన్నమాట. పొడవాటి ప్రహరీ పక్కన అదే దూరం రెట్టింపు అనిపించడానికి కారణం ఇదే.

అరుగు సంగతి

ఇంటికీ వీధికీ మధ్యనున్న అంచు మెత్తగా ఉండాలని గెల్ చెప్పినదానికి తెలుగులో ఒక్క మాట ఉంది: అరుగు. అది ఇంటిదో వీధిదో తేల్చి చెప్పలేం. యజమాని కట్టించినదే అయినా ఎండనబడి వచ్చిన బాటసారి అనుమతి లేకుండానే కూర్చోగలిగిన చోటు అది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ఆంగ్ల పత్రాలలో వీధిబడిని ‘పయల్ స్కూల్’ అని పేర్కొనడానికి కారణం, ఆ చదువు అరుగు మీద సాగడమే. పంచాయితీ, పురాణ కాలక్షేపం, పులిజూదం, కూరగాయల బేరం, అన్నిటికీ అదే వేదిక. అరుగు మీద కూర్చున్నవారి చూపు వీధి మీద ఉంటుంది. జేకబ్స్ చెప్పిన కళ్ళు అవే.

ఆ అరుగు ఎలా పోయింది? రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట తెగిపడింది అదే. మిగిలినచోట్ల భవన నిర్మాణ నిబంధనల వల్ల పోయింది. ఇంటి చుట్టూ ఖాళీ వదలాలి, నిర్మాణ వైశాల్యంలో ఇంత శాతం పార్కింగుకు కేటాయించాలి అన్న నిబంధనల ఫలితంగా అపార్ట్‌మెంటు కింది అంతస్తు స్తంభాల మీద నిలిచిన కార్ల కొట్టంగా మారింది. వీధి వెంట నడిచే మనిషికి కనిపించేది ప్రహరీ, ఇనుపగేటు, కాపలాదారు కుర్చీ. కారు లేని కుటుంబం కూడా ఫ్లాటు ధరలో ఆ కొట్టం ఖర్చు ఏదో రూపంలో భరిస్తుంది. ఉచిత పార్కింగు నిజానికి ఉచితం కాదని అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005లో ఒక బృహద్గ్రంథమే రాశారు.

వాహనాలను ఆపితే చాలునా?

కోపెన్‌హాగెన్‌లోని ప్రధాన అంగడివీధి స్ట్రోయెట్‌ను 1962లో వాహనాలకు మూసివేసినప్పుడు వర్తకులు నష్టపోతామని భయపడ్డారు. చలిదేశంలో ఇటలీ వారిలా వీధిలో కూర్చునేది ఎవరని పత్రికలూ సందేహించాయి. జరిగింది వేరు. 1962లో సుమారు 15,800 చదరపు మీటర్లున్న వాహనరహిత ప్రదేశం 1990ల మధ్యకు 95,000 చదరపు మీటర్లు దాటింది. అయితే ఈ మార్పు ఏటా కొంతకొంతగా జరిగింది. పార్కింగు స్థలాలు నెమ్మదిగా తగ్గాయి, సైకిలు దారులు పెరిగాయి. జనం అలవాటు మార్చుకోవడానికి వ్యవధి దొరికింది.

స్పెయిన్‌లోని పొంతెవెద్రా 80 వేలకు పైబడిన జనాభా గల చిన్న నగరం. 1999లో మేయరైన మిగెల్ అన్షో ఫెర్నాందెస్ లోరెస్ నగర కేంద్రం నుండి వాహనాలను చాలావరకు తప్పించి, పార్కింగును అంచులకు తరలించారు. ఒకచోటి నుండి మరొక చోటికి నడకకు ఎన్ని నిమిషాలు పడుతుందో మెట్రో రైలు పటం తరహాలో చూపే ‘మెట్రోమినుతో’ ఆ నగరం తయారుచేసినదే. దూరాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాలలో చెప్పడం తెలుగు పల్లెలకు కొత్తేమీ కాదు.

వ్యతిరేక ఉదాహరణ కలమజూ. అమెరికాలోని ఈ నగరం 1959లోనే నడిబొడ్డు వీధిని పాదచారులకు కేటాయించింది. 1998లో అందులో కొంత భాగాన్ని తిరిగి కార్లకు తెరిచింది. ఫ్రెస్నో నగరంలో 1964లో మొదలైన ఫుల్టన్ మాల్ కథ 2017లో అలాగే ముగిసింది. నివాసాలూ పెద్ద దుకాణాలూ శివార్లకు తరలిపోతున్న కాలంలో నడిబొడ్డున బండ పరిచి పూలకుండీలు పెట్టారు. అక్కడికి నడిచి రాగలిగినంత దూరంలో కాపురమున్నవారు కరువయ్యారు. కార్లను తీసివేయడం వీధికి జీవం పోయదు. నాలుగడుగుల దూరంలో మనుషులు నివసించినప్పుడే అది పని చేస్తుంది.

తెలుగు నగరం ముందున్న ప్రశ్న

పాశ్చాత్య నగరాల సమస్య కారులో తిరిగేవారిని నడిపించడం. ఇక్కడి సమస్య అది కాదు. ఇక్కడ జనం ఇప్పటికే నడుస్తున్నారు, ప్రాణాలను అరచేతిలో పెట్టుకుని. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాల కదలికకు కాక మనుషుల కదలికకు ప్రాధాన్యమివ్వాలని చెప్పింది. పాదచారుల సౌకర్యాలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కాలిబాటలో కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డూ లేకుండా ఉండాలి. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ఆ ఎత్తు చిన్న విషయంగా కనిపిస్తుంది గాని మోకాళ్ళ నొప్పులున్న వృద్ధురాలికి అదే అసలు విషయం. అడుగెత్తున కట్టిన ఫుట్‌పాత్ ప్రతి గేటు దగ్గరా తెగి, మళ్ళీ లేస్తే ఆమె దిగి రోడ్డు మీదే నడుస్తుంది. తరువాత ఫుట్‌పాత్‌ను ఎవరూ వాడడం లేదన్న మాట వినిపిస్తుంది.

కాలిబాట అనగానే అధికారులకు మొదట కనిపించే ‘అడ్డు’ తోపుడుబండి. దాని వెనుకే నిలిపిన కారు మాత్రం అడ్డుగా కనిపించదు. హైదరాబాదులో 1591 నాటి చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి రాతిపలకలు పరిచే పథకం దశాబ్దాలపాటు సాగింది. అక్కడికి వచ్చే జనాన్ని ఆకర్షించేది కట్టడం ఒక్కటే కాదు. లాడ్‌బజారు గాజులు, పత్తర్‌గట్టి దుకాణాలు, బండ్ల మీది పండ్లు కూడా. బండ్లను తొలగించి ఖాళీ చేసిన చదును నేల ఫొటోకు బాగుంటుంది గాని గెల్ చెప్పిన రెండో రకం పనికి అక్కడ కారణం మిగలదు.

వీధి వ్యాపారుల చట్టం 2014 ఈ చిక్కుకు ఒక దారి చూపింది. ప్రతి పట్టణంలో వీధి విక్రయ కమిటీ ఏర్పడాలి. అందులో 40 శాతానికి తక్కువ కాకుండా వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించకూడదు. నడిచేవారికి 1.8 మీటర్లు వదిలిన తరువాత బండి ఎక్కడ నిలవాలి, కారు ఎక్కడ నిలవకూడదు అన్న గీతను ఆ కమిటీతో కూర్చుని గీయవలసినవారు నగరపాలక సంస్థలోని ప్రణాళికాధికారులు, ఇంజనీర్లు. ఆ బల్ల దగ్గర నడిచేవారి తరఫున మాట్లాడే కుర్చీ ఎవరిదన్నది ఇంకా పరిశోధించవలసిన అంశం.