‘రైట్ క్లిక్’ అంటే రైటుగా నొక్కడమా?

పలాసలోనో టెక్కలిలోనో స్కాలర్‌షిప్ అప్లికేషన్ నింపే అమ్మాయికి ‘రైట్ క్లిక్ చేయండి’ అని రాసిస్తే చిక్కే. మనకు రైటు అంటే కరెక్టు కదా! ‘కుడి బటన్‌తో క్లిక్ చేయండి’ అంటే సరి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు ‘దాయా’ అన్నా అర్థమైపోతుంది.

‘నొక్కండి’ ఒక్కటే చాలదు. కీబోర్డునీ నొక్కుతాం, ఫోన్ తెరనీ నొక్కుతాం. నా లెక్కలో మౌస్‌కి ‘క్లిక్’, కీకి ‘నొక్కండి’, ఫోన్‌కి ‘తాకండి’ మేలు.

డబుల్ క్లిక్ అంటే వెంటవెంటనే రెండుసార్లు. విండోస్‌లో ఎంచుకున్న ఫైలు పేరు మీద ఆగి ఆగి క్లిక్ చేస్తే ఫైలు తెరుచుకోదు, పేరు మార్చే గడి వస్తుంది. వెబ్‌సైట్‌లో ‘సబ్‌మిట్’కి మాత్రం ఒక్క క్లిక్కే. రెండుసార్లు చేస్తే కొన్ని సైట్లలో అప్లికేషన్ రెండుసార్లు పోతుంది. ఈ మాట కాగితంలో పెద్దక్షరాల్లో ఉండాలి.