చేపపై తెల్లచుక్కలు: ఉప్పునీటి తొట్టిలో పరాన్నజీవులు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములకు సముద్రము సుమారు 300 కిలోమీటర్ల దూరమున ఉన్నది. 1908 నాటి మూసీ వరదల తరువాత నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరు (1920), హిమాయత్‌సాగరు (1927) జలాశయములే ఇచ్చటి విద్యార్థులు ఎరిగిన పెద్ద నీళ్లు. పేరులో సాగరమున్నను రెండును మంచినీళ్లే. అట్టి చోట గాజుతొట్టిలో సముద్రపు చేపలను పెంచదలచువారు సముద్రమును కూడ తామే తయారుచేసికొనవలెను. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణము లుండవలెను. వంట ఉప్పు ఒక్కటే చాలదు. మెగ్నీషియము, కాల్షియము మున్నగు వాని లవణములు కూడ తగు పాళ్లలో కలియవలెను.

ఇంత శ్రమపడి పెంచిన చేపలు ఒక్కొక్కప్పుడు రెండు వారములలో వరుసగా చనిపోవును. నీరు తేటగానే ఉండును, మేతలో లోపముండదు. కారణము తరచుగా ఒక ఏకకణ పరాన్నజీవి. విశాలమైన సముద్రములో దాని పిల్లలకు చేప దొరకుట కష్టము. తొట్టిలోనో, చేపకు తప్పించుకొను చోటే లేదు.

తెల్లచుక్క రోగము

ఈ పరాన్నజీవులలో ముఖ్యమైనది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. దీనికి ఈ పేరు 1951లో బ్రౌన్ అను శాస్త్రజ్ఞురాలు పెట్టినది. ఒంటినిండ శైలికలు కల ఈ జీవి చేప చర్మములోను, మొప్పలలోను దూరి అచ్చటి కణములను తిని పెరుగును. అది ఉన్నచోట ఉప్పురవ్వవంటి తెల్లని చుక్క ఏర్పడును.

మంచినీటి తొట్టిలో గోల్డుఫిష్‌లను పెంచువారికి ఇటువంటి రోగమే తెలియును. 1876లో వర్ణింపబడిన ఇక్తియోఫ్తీరియస్ అను వేరొక జీవి దానికి కారణము. ఆ నీటిలో ఉప్పు కలిపిన దాని పిల్లజీవులు చచ్చును. సముద్రపు జీవికి ఉప్పే ఆవాసము గనుక ఆ ఉపాయము ఇచ్చట పనిచేయదు. చుక్క ఒకటే అయినను చికిత్స ఒకటి కాదు.

నాలుగు దశలు

మందు సంగతి తెలియవలెనన్న ముందు ఈ జీవి జీవితచక్రమును గ్రహింపవలెను. మొదటి దశలో అది 3 నుండి 7 రోజులు చేప చర్మములో ఉండి మేయును. రెండవ దశలో చేపను వదలి, చాలవరకు చీకటివేళ, తొట్టి అడుగుకు చేరును. మూడవ దశలో గట్టి కోశము కట్టుకొని లోపల విభజన చెందుచుండును. దీనికి సాధారణముగా 3 నుండి 28 రోజులు పట్టును. నాలుగవ దశలో ఒక్కొక్క కోశమునుండి 200 వరకు పిల్లజీవులు వెలువడి చేపకొరకు ఈదును. ఒకటి రెండు రోజులలో చేప దొరకనిచో నశించును.

చర్మము క్రింద ఉన్న దానికి మందు తగులదు. కోశములోని దానికిని తగులదు. ఈదుచున్న పిల్లజీవియే మందుకు దొరకును. నాలుగైదు రోజులలో చుక్కలు మాయమైనంత మాత్రమున రోగము నయమైనదని భ్రమపడరాదు. మేత ముగించి పరాన్నజీవి అడుగుకు దిగినదని మాత్రమే దాని అర్థము. కొన్ని రోజులకు చుక్కలు పదింతలై తిరిగి వచ్చును. పెంపకందారులలో చాలమంది మోసపోవునది ఇచ్చటనే.

గుర్తించు విధము

చేప రాళ్లకు ఒళ్లు రాచుకొనుట, మొప్పలను వేగముగా ఆడించుట, మేత మానుట తొలి గుర్తులు. తరువాత విడివిడిగా తెల్లచుక్కలు కనిపించును. చుక్కలకు బదులు ఒంటిపై పసుపు వన్నె కల సన్నని ధూళి చల్లినట్లున్నచో అది అమిలూడినియము అను మరియొక ఏకకణజీవి పని. అది మొదట మొప్పలను పట్టును గనుక ధూళి కనబడకముందే చేప ఊపిరాడక చనిపోవచ్చును. కళ్లు మసకబారి, చర్మము చెదరినచో చదును పురుగులను అనుమానింపవలెను. అదే వేడిమి, అదే క్షారత కల మంచినీటిలో చేపను అయిదు నిమిషములుంచినచో, కంటికి కానరాని ఆ పురుగులు తెల్లబడి రాలును. ఒకేచోట వారములతరబడి కదలక ఉండు కాలీఫ్లవరువంటి బొడిపెలు వైరస్ వలన కలుగునవి. అవి పరాన్నజీవులు కావు.

చికిత్స

రోగపు చేపలనన్నిటిని వేరు తొట్టిలోనికి మార్చుట మొదటి పని. తరువాత రాగిని వాడవచ్చును. లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల రాగి మూడు వారములకు తగ్గకుండ నిలువవలెను. 100 లీటర్ల నీటికి కావలసిన 15 మిల్లీగ్రాముల రాగి సుమారు 59 మిల్లీగ్రాముల మైలతుత్తములో ఉండును. అది గురివిందగింజ బరువులో సగము! కొలత తగ్గిన రోగము పోదు. హెచ్చిన చేప చచ్చును. కావున ఒకేసారి వేయక, రెండు మూడు రోజులలో కొద్దికొద్దిగా కలుపుచు, ప్రతిదినము పరీక్షద్రవముతో కొలువవలెను. పగడములు, రొయ్యలు, నత్తలు ఉన్న తొట్టిలో రాగి వేయరాదు, అవి బ్రతుకవు.

మందు లేని మార్గము కూడ కలదు. 1987లో ఇజ్రాయేలు దేశమున కోలోర్ని దీనిని వివరించెను. చేపలను మూడు రోజులకొకసారి శుభ్రమైన కొత్తనీటి తొట్టికి మార్చుచు, నాలుగుమార్లు అట్లు చేయవలెను. చేపను వదలిన జీవి కోశమునుండి పిల్లలు వెలువడుటకు కనీసము మూడు రోజులు పట్టును. అప్పటికే చేప మరియొక తొట్టిలో ఉండును. పన్నెండు రోజులలో చర్మములోని జీవులన్నియు దిగిపోవును. ఏడు పన్నెండుకంటె తక్కువ అను చిన్న లెక్కయే ఇందలి రహస్యము. ఈ పద్ధతి తెల్లచుక్కకే చెల్లును. ధూళి రోగమునకు చెల్లదు.

పాత తొట్టిలో కోశములు మిగిలియుండును. దానిలో చేపలు లేకుండ కనీసము ఆరు వారములు విడువవలెను. 76 రోజులు విడుచుట మరింత క్షేమము. అందలి పగడములకు, నత్తలకు ఈ జీవివలన హానిలేదు. కొత్తగా కొన్న ప్రతి చేపను నెలరోజులు వేరుగా ఉంచినచో ఈ శ్రమయంతయు తప్పును.

మొయినాబాదు పరిసరముల వాగుల నీరు పైన చెప్పిన జలాశయములకే చేరును. రాగి కలిసిన నీటిని వాగులోగాని చెరువులోగాని పారబోయరాదు. ఆ కొద్ది రాగియే నీటిలోని నత్తలకు, సూక్ష్మజీవులకు విషము.

నేడు తొట్లలో పెంచు సముద్రపు చేపలలో హెచ్చుభాగము పగడపు దిబ్బలనుండి పట్టి తెచ్చినవే. చచ్చిన చేపకు బదులు మరొకటి కొనుట అనగా సముద్రమునుండి మరొకటి తీయుట. చుక్కను చూచి మందుసీసా వెదకుటకు ముందు, పరాన్నజీవి ఏ దశలో ఉన్నదో దినములు లెక్కించుట నేర్చినవాడు తన చేపను బ్రతికించుకొనును.