ఇంటి వద్దకే మందుల పరీక్షలు... సంతకానికి ముందే జాగ్రత్త

గద్వాల: కొత్త మందు లేదా టీకా విక్రయానికి రావాలంటే మనుషులపై మూడు దశల్లో పరీక్షించాలి. ఇందుకు ఏళ్లు పట్టేది. కరోనా ఈ లెక్కను మార్చివేసింది. భారత్ బయోటెక్ కొవాగ్జిన్ పరీక్షలు 2020 జులైలో ఆరంభం కాగా, హైదరాబాద్‌లోని నిమ్స్ ఒక కేంద్రంగా నిలిచింది. నవంబరులో మొదలైన మూడో దశలో దేశవ్యాప్తంగా 25,800 మంది పాల్గొన్నారు. ఆ ఫలితాలు వెలువడక ముందే 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ఇవ్వడం విమర్శలకు తావిచ్చింది.

బ్రిటన్‌లో ‘రికవరీ’ పరీక్ష కింద పలు మందులను ఒకేసారి పోల్చి చూశారు. వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలను చవకైన డెక్సామెథసోన్ మూడో వంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లోనే తేలింది.

లాక్‌డౌన్‌లో పలుచోట్ల మందును ఇంటికే పంపి, ఫోన్, వీడియో ద్వారా పర్యవేక్షించారు. ఈ విధానం స్థిరపడితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రోగులు కూలి పోగొట్టుకుని వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి రాజధానికి వెళ్లే అవస్థ తగ్గుతుంది. అయితే రక్త నమూనాల సేకరణకు, అత్యవసర చికిత్సకు స్థానిక ఆసుపత్రులు సిద్ధంగా ఉండాలి.

దూరం పెరిగిన కొద్దీ అంగీకారం మొక్కుబడిగా మారే ప్రమాదమూ ఉంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పలు పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహ వార్డెన్లు సంతకాలు చేసినట్లు విచారణలో బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు.

2019 నిబంధనల ప్రకారం వివరాలను అర్థమయ్యే భాషలో తెలపాలి. ఎప్పుడైనా వైదొలగవచ్చు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం పొందే హక్కు ఉంది. పత్రాన్ని తెలుగులో చదివించుకుని, అనుమానాలు తీరాకే సంతకం చేయాలి. ఒక ప్రతిని తప్పక దగ్గర ఉంచుకోవాలి.