నడచుటకు నీడ యేది?

వ్యాయామము చేయుడని హితోపదేశము చేయువారికి మన దేశమున కొదువలేదు. చేయుటకు చోటు చూపువారే యరుదు.

పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు మితమైన శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. వడిగా నడచుటయు నట్టి శ్రమయే. కాని పొగలో, బండ్ల రొదలో, కాలిబాట లేని వీథిలో నెవరు నడతురు?

హైదరాబాదున 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనమును చూడుడు. ఉదయమున వృద్ధులు, స్త్రీలు, ఉద్యోగులు అచ్చట నడచుచుందురు. చెట్ల నీడయు, వాహనభయము లేని బాటయు వారిని రప్పించుచున్నవి. 2016లో వంతెనల నిర్మాణమునకై ఆ వనము చుట్టునున్న చెట్లను కొట్టుదురని తెలియగా పౌరులు నిరసన తెలిపిరి.

అయినను ఆ వనము సంపన్నుల పేటల నడుమ నున్నది. ప్రవేశమునకు రుసుము గలదు. దూరపు బస్తీలోని కూలి స్త్రీ రెండు బస్సులు మారి నడకకై అచ్చటికి పోగలదా? తోట ఎంత పెద్దది యను దానికంటె, ఎంత చేరువ యనునదే ముఖ్యము.

కావున ప్రతి పేటకు నొక చిన్న తోట, రుసుము లేని ద్వారము, సాయంకాలము దీపము, త్రాగునీరు ఉండవలెనని మేము కోరుచున్నాము. పురపాలక సంఘములకిది భారము కాదు, ధర్మము.

భూవసతి గల పాఠకులకును మా మనవి యొకటి. లేఅవుటు వేయునపుడు ప్రజలకై విడిచిన స్థలమును కాగితముపై చూపి, పిమ్మట ఇండ్లకమ్ముకొనకుడు. ఒకసారి పోయిన తోట మరల రాదు.